నేరంగా పుట్టిన బిడ్డ, నమోదు కాని నేరం: ట్రెవర్ నోవా ఆత్మకథలో తల్లి, చట్టం

దక్షిణాఫ్రికా హాస్యకళాకారుడు ట్రెవర్ నోవా 2016లో ఆంగ్లంలో ప్రచురించిన ఆత్మకథ ‘బోర్న్ ఎ క్రైమ్’. ఆత్మకథలు సాధారణంగా వంశవర్ణనతోనో, జన్మస్థల వర్ణనతోనో మొదలవుతాయి. ఈ గ్రంథంలో వంశవృక్షం ఉండవలసిన చోట ఒక శాసనపాఠం ఉంది. 1927 నాటి ఇమ్మొరాలిటీ యాక్ట్ అది. ఐరోపా సంతతివారికీ స్థానిక ఆఫ్రికన్లకూ మధ్య వివాహేతర లైంగిక సంబంధాన్ని నిషేధించి, పురుషుడికి ఐదేళ్ల వరకు, స్త్రీకి నాలుగేళ్ల వరకు కారాగారవాసం నిర్ణయించిన చట్టం. నోవా తల్లి ప్యాట్రీషియా నోంబుయిసెలో నోవా కోసా జాతి స్త్రీ. తండ్రి స్విట్జర్లాండు నుంచి వచ్చిన తెల్లజాతీయుడు. 1984 ఫిబ్రవరి 20న జొహానెస్‌బర్గ్‌లో బిడ్డ పుట్టేనాటికి ఆ సంబంధం శిక్షార్హమైన నేరం.

చట్టచరిత్ర దృష్ట్యా ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. 1984లో అమలులో ఉన్నది 1927 చట్టం కాదు. దానిని 1950లో సవరించి, తెల్లవారికీ తెల్లవారు కాని వారందరికీ మధ్య సంబంధాలకు విస్తరింపజేశారు. తరువాత 1957 చట్టం దాని స్థానాన్ని ఆక్రమించింది. అందులోని పదహారవ సెక్షన్ శిక్షను ఇద్దరికీ ఏడేళ్ల వరకు పెంచింది. నోవా పాత పాఠాన్నే గ్రంథముఖాన నిలిపాడు. చట్టపండితుడికి ఇది లోపంగా తోచవచ్చు. సాహిత్యపరంగా మాత్రం ఈ ఎంపికకు ప్రయోజనం ఉంది. అపార్థీడ్‌ను రాజ్యవిధానంగా ప్రకటించిన నేషనల్ పార్టీ అధికారానికి వచ్చింది 1948లో. 1927 పాఠం ఆ విధానం పుట్టుకకు ఇరవై ఏళ్లకు పైగా ముందరిది. రంగుల మధ్య గోడ ఒక పార్టీ కట్టినది కాదనీ, ఆ పార్టీ వచ్చేసరికే పునాది పడి ఉందనీ పాఠకుడికి వివరణ లేకుండానే అందుతుంది.

ఈ గ్రంథాన్ని కష్టాలను నవ్వుతో జయించిన యువకుడి కథగా, నిర్భయురాలైన తల్లికి సమర్పించిన నివాళిగా చదవడం పరిపాటి అయింది. ఆ పఠనం తప్పు కాదు కాని చాలదు. శీర్షికలోని ‘నేరం’ అనే మాటను మొదటి అధ్యాయాల వద్దే వదిలివేయడం వల్ల గ్రంథనిర్మాణం మరుగున పడుతోంది. మొదట రాజ్యం నేరంగా చూసిన ఒక జననం ఉంది. చివర రాజ్యం నేరంగా నమోదు చేసుకోవడానికి నిరాకరించిన హింస ఉంది. రెండింటి మధ్యా నిలబడిన మనిషి తల్లి. ఆమె నిర్భయతను ఈ రెండు కొసల నడుమ పెట్టి చూసినప్పుడే దాని శక్తీ, దాని హద్దూ తెలుస్తాయి.

రుజువును దాచుకున్న తల్లి

ఈ చట్టాలేవీ బిడ్డను దోషిగా పేర్కొనలేదు. దోషులు తల్లిదండ్రులు. బిడ్డ ఆ దోషానికి రుజువు. శీర్షిక చట్టభాషకు కచ్చితంగా సరిపోకపోయినా అనుభవానికి సరిపోతుంది. ఎందుకంటే రుజువును మాయం చేయడమే దోషులకు రక్ష. ఇటువంటి రుజువు గతి ఏమయ్యేదో దక్షిణాఫ్రికా సాహిత్యంలోనే మరొక జీవితం చెబుతుంది. రచయిత్రి బెస్సీ హెడ్ 1937లో పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పుట్టింది. తల్లి తెల్లజాతి స్త్రీ. బిడ్డను కన్నది మానసిక చికిత్సాలయంలో. బిడ్డ పెంపుడింటికి వెళ్లింది. ఆరేళ్లకు తల్లి మరణించింది. ఆ తెగిపోయిన బంధపు నీడ 1973 నాటి ‘ఎ క్వశ్చన్ ఆఫ్ పవర్’ నవల మీద స్పష్టంగా పడింది. నోవా కథలో తల్లి నల్లజాతి స్త్రీ, బిడ్డ పుట్టింది అపార్థీడ్ ఇంకా అమలులో ఉన్న కాలంలో. రుజువును వదులుకోవడానికి ప్యాట్రీషియాకు కారణాలు తక్కువేమీ లేవు. ఆమె వదులుకోలేదు. పైగా ఆ బిడ్డను ఆమె కోరి, పథకం వేసుకుని కన్నది. ఇరుగుపొరుగుగా పరిచయమైన స్విస్ పురుషుడిని తనకొక బిడ్డ కావాలని అడిగింది ఆమె. మొదట వెనుకాడినది అతడు.

తరువాతి ఘట్టాలన్నీ రుజువును దాచుకుంటూ పెంచడానికి ఆమె పన్నిన ఉపాయాలే. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉండదు. వీధిలో నడవవలసి వస్తే పోలికలు కలిసే ఒక కలర్డ్ స్త్రీని తోడు పిలిచి బిడ్డ చేయి ఆమెకు అందించి, తాను ఆయాలాగా వెనక నడుస్తుంది. పార్కులో పసివాడు తండ్రిని నాన్నా అని పిలుస్తూ వెంటపడితే ఆ తండ్రి పరుగెత్తుతాడు. వాడేమో అది ఆట అనుకుంటాడు. సొవెటోలోని అమ్మమ్మ ఇంటికి వెళ్లినప్పుడు పిల్లవాడిని గడప దాటనివ్వరు. పోలీసుల కంటబడితే వాడిని తీసుకుపోతారని పెద్దల భయం. మిగతా పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే వాడు ఇంట్లో ఒంటరిగా ఆడుకోవడం నేర్చుకుంటాడు. పార్కు ఘట్టాన్ని నోవా హాస్యంగానే చెప్పాడు. తండ్రి పరుగుకు కారణం ఏమిటో తెలిసిన పాఠకుడికి మాత్రం ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

నిర్భయత అనే మాట ఇక్కడ కొంత పరిశీలన కోరుతుంది. భయం ఎరుగని స్వభావంగా దానిని స్తుతిస్తే ప్యాట్రీషియా ఒక అద్భుత వ్యక్తిగా మిగిలిపోతుంది, ఆమె చేసిన పని కనబడకుండా పోతుంది. గ్రంథం చూపే నిర్భయత నేర్చుకున్నది. నల్లజాతి స్త్రీలకు ఇంటిపనో, ఫ్యాక్టరీ పనో తప్ప దారి లేని రోజుల్లో ఆమె టైపు నేర్చుకుంది. అంతర్జాతీయంగా వస్తున్న ఒత్తిడికి తలొగ్గి కంపెనీలు కొద్దిమంది నల్లవారికి కార్యాలయాల్లో చోటు కల్పిస్తున్న సమయంలో సెక్రటరీగా చేరింది. సొవెటోకు తిరిగి వెళ్లకుండా, తెల్లవారికి మాత్రమే కేటాయించిన జొహానెస్‌బర్గ్ నగరం నడిబొడ్డున హిల్‌బ్రోలో పరాయి పేరు మాటున గది సంపాదించింది. అనుమానం రాకుండా పనిమనుషులు తొడుక్కునే అంగీ ధరించి రాకపోకలు సాగించింది. ఈ విద్యను ఆమెకు నేర్పినవారిలో ఆ పేటలో బతుకుతున్న కోసా వేశ్యలు ఉన్నారు. పట్టుబడిన సందర్భాలూ ఉన్నాయి. జరిమానా కట్టి మళ్లీ అదే గదికి వచ్చింది. చట్టానికి ఎక్కడ కళ్లున్నాయో, ఎక్కడ లేవో కనిపెట్టి నడిచిన నడక ఇది. దీనిని లౌక్యం అనవచ్చు. పీడితులకు లౌక్యమే శాస్త్రం.

ఆమె బాల్యంలోనే దీనికి బీజాలు ఉన్నాయి. చిన్నతనంలో ఆమెను ట్రాన్‌స్కైలోని బంధువుల ఇంటికి పంపించారు. అక్కడ పద్నాలుగు మంది పిల్లల మధ్య, అందరిలాగే ఆదరణ లేని బిడ్డగా పెరిగింది. ఆకలికి ఏటి ఒడ్డు మట్టిని నీటిలో కలుపుకుని తాగిన రోజులున్నాయి. మిషనరీ బడి దయతో ఆంగ్లం అబ్బింది. నోంబుయిసెలో అంటే తిరిగి ఇచ్చేది అని అర్థం. తన పేరులోనే తనమీద బరువు ఉందని గ్రహించిన ఈ తల్లి కొడుక్కి తమ కుటుంబంలో ఏ అర్థమూ, ఏ పూర్వీకుడి జ్ఞాపకమూ లేని పేరు పెట్టింది. ఏ విధినీ మోయనక్కరలేని పేరు. కొడుకును తెల్లవారి పార్కులకు, ఐస్ మైదానాలకు తీసుకువెళ్లింది, చేతికి పుస్తకాలు అందించింది. ఇవన్నీ జరిగేనాటికి అపార్థీడ్ ముగుస్తుందని ఎవరికీ భరోసా లేదు. ఇమ్మొరాలిటీ, మిశ్ర వివాహ నిషేధ చట్టాలు 1985లో రద్దయినా, నివాసాలను రంగుల వారీగా విభజించిన గ్రూప్ ఏరియాస్ చట్టం 1991 వరకు కొనసాగింది. స్వేచ్ఛ వచ్చాక కొడుకుకు స్వేచ్ఛ నేర్పిన తల్లి కాదు ఆమె. రాకముందే నేర్పింది.

వర్గీకరణ, భాష, తెలుగు మాటల ఇబ్బంది

1950 జనాభా నమోదు చట్టం దక్షిణాఫ్రికా ప్రజలను రంగుల పెట్టెల్లో సర్దింది. తెల్లవారు, నల్లవారు, కలర్డ్, ఆ తరువాత ప్రత్యేకంగా భారతీయులు. జుట్టులో పెన్సిల్ నిలుస్తుందా, జారిపోతుందా అన్నది కూడా మనిషి జాతిని తేల్చే పరీక్షగా చెల్లింది. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి కూడా ఈ పెట్టెల్లో ఒకదానిలోకి చేరింది. 1927 చట్టం వారిని తాకలేదు, 1950 సవరణ తాకింది. నోవా తండ్రి జాతి ప్రకారం కాని, తల్లి జాతి ప్రకారం కాని ఏ పెట్టెలోనూ ఇమడలేదు. చూపుకు కలర్డ్. కాని కలర్డ్ అనేది తరతరాలుగా సొంత పేటలు, ఆఫ్రికాన్స్ మాతృభాష, సొంత చరిత్ర ఉన్న సమాజం. ఈడెన్ పార్క్ అనే కలర్డ్ పేటలో కొంతకాలం నివసించినప్పుడు అక్కడి పిల్లలు అతడిని తమవాడిగా అంగీకరించలేదు.

ఈ స్థితిని తెలుగులో చెప్పబోతే విమర్శకుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. అపార్థీడ్‌కు మనం వాడుతున్న ‘వర్ణవివక్ష’లో వర్ణం అంటే రంగు. అదే మాట చాతుర్వర్ణ్యానికీ చెల్లుతుంది. మిశ్రమ జననానికి మన శాస్త్రవాఙ్మయం ఇచ్చిన మాట ‘వర్ణసంకరం’. అది దోషవాచకం. స్మృతులు ప్రతిలోమ వివాహంలో పుట్టిన సంతానానికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క వృత్తి, ఊరికి ఎంత దూరంలో బతకాలో కూడా నిర్దేశించాయి. తల్లిదండ్రుల కలయికను తప్పుగా ఎంచి, ఆ తప్పు పేరును బిడ్డకు పెట్టడం ప్రిటోరియా కనిపెట్టిన పద్ధతి కాదన్నమాట. కనుక నోవాను గురించి రాసేటప్పుడు ‘సంకర’ అనే మాటను పరిహరించి ‘మిశ్రజాతి’ అనడం శైలీభేదం మాత్రమే కాదు. ఒక తీర్పును అనువాదంలో పునరావృతం చేయకుండా ఉండడం.

వర్గీకరణకు ఆ పిల్లవాడు కనుగొన్న విరుగుడు భాష. ఈ ఆయుధం కూడా తల్లి ఇచ్చినదే. ఒక దుకాణంలో యజమాని ఆఫ్రికాన్స్‌లో కాపలావాడితో ఈ నల్లవాళ్లను కనిపెట్టమని, దొంగిలిస్తారని చెబుతాడు. ప్యాట్రీషియా అదే భాషలో, తడుముకోకుండా, వారికి కావలసినది వెదకడానికి సాయం చేయమని ఎందుకు చెప్పకూడదని అడుగుతుంది. యజమాని క్షమాపణ చెబుతాడు. కొడుకు ఈ పాఠాన్ని వీధిలో ప్రయోగిస్తాడు. తనను దోచుకోవాలని జులూలో మంతనాలాడుతున్న యువకుల వైపు తిరిగి జులూలోనే మాట్లాడితే, వారు తమవాడని తెలిసి చల్లబడతారు. రంగు వేరు చేసిన చోట భాష కలుపుతుందని నోవా నిర్ధారణ. ఈ నిర్ధారణలో కొంత అత్యాశ ఉంది. కోసా, జులూ భాషలు ఒకదానికొకటి చాలా దగ్గరివి. అయినా 1990ల ఆరంభంలో ఆ రెండు జాతుల పేర రక్తపాతం జరిగిందని ఈ గ్రంథమే చెబుతుంది. భాష కాపాడిన సందర్భాలు నిజమే. కాపాడలేని సందర్భానికి మొదటి అధ్యాయమే సాక్ష్యం.

నవ్వు ఎక్కడ ఆగింది

మొదటి అధ్యాయంలో తొమ్మిదేళ్ల కొడుకును తల్లి కదులుతున్న మినీబస్సు నుంచి బయటికి తోస్తుంది. ఆదివారం. ఒకే రోజు మూడు చర్చిలకు వెళ్లడం ఆ ఇంటి నియమం. పాత వోక్స్‌వ్యాగన్ కారు మొరాయిస్తే, దైవం పరీక్షిస్తున్నాడని నమ్మి తల్లి ఇద్దరు బిడ్డలతో బయలుదేరుతుంది. రాత్రి తిరుగుదారిలో ఎక్కిన మినీబస్సు డ్రైవరు జులూ. కోసా స్త్రీ, ఒడిలో పసివాడు, పక్కన లేత చర్మపు కొడుకు. అది చూసి అతడు ఆమె శీలాన్ని దూషిస్తాడు, బుద్ధి చెబుతానని బెదిరిస్తాడు. ఆమె కొడుకును తోసి, పసివాడిని గుండెకు హత్తుకుని దూకుతుంది. ఇద్దరూ పరుగెత్తి బయటపడతారు. చివరికి దేవుడిని ఇంటికే రమ్మని పిలవవచ్చు కదా అని కొడుకు వాదిస్తే తల్లీకొడుకులు రోడ్డు పక్కన పడీపడీ నవ్వుతారు.

ఆ సన్నివేశం జరిగేనాటికి ఇమ్మొరాలిటీ చట్టపు నిషేధం రద్దయి ఎనిమిదేళ్లు దాటింది. ఆ స్త్రీని నేరస్థురాలిగా చూడడానికి మాత్రం రాజ్యానికి పోలీసు అవసరం లేకుండా పోయింది. ఆ పనిని డ్రైవరే చేశాడు. శాసనం పుస్తకాల నుంచి తొలగి మగవారి నోళ్లలోకి మారింది. ఈ మార్పును పట్టుకున్న పాఠకుడికి గ్రంథాంతంలో ఎదురయ్యే సవతితండ్రి హింస ఆకస్మికంగా అనిపించదు.

నిర్మాణంలో మరొక విశేషం ఉంది. పద్దెనిమిది అధ్యాయాల్లో ఒక్కొక్కదానికి ముందు ఒక చిన్న గద్యఖండిక ఉంటుంది. హోమ్‌లాండ్‌లు, బంటూ విద్య, జపాన్ జాతీయులను గౌరవ తెల్లవారిగా లెక్కించిన విచిత్రం వంటి విషయాలు వీటిలో వస్తాయి. హరికథకుడు అసలు కథ గంభీరంగా నడుపుతూ మధ్యలో పిట్టకథతో సభను నవ్విస్తాడు. నోవా రచనలో క్రమం తలకిందులైంది. అసలు కథ నవ్విస్తుంది, పిట్టకథ గంభీరం. రంగస్థలం మీద జీవించే కళాకారుడికి ఈ లయ సహజంగా అబ్బి ఉండవచ్చు. ఫలితం మాత్రం సామాన్యం కాదు. ప్రతి నవ్వుకూ ముందే దాని ధర పాఠకుడికి తెలిసిపోతుంది.

చివరి అధ్యాయంలో ఈ లయ చెదురుతుంది. తల్లి పెళ్లాడిన మెకానిక్కు పైకి మృదువుగా కనిపించే మనిషి. తాగినప్పుడు మారిపోతాడు. మొదటిసారి చేయి చేసుకున్న రాత్రి ఆమె పిల్లలను వెంటబెట్టుకుని ఠాణాకు వెళుతుంది. పోలీసులు ఫిర్యాదు రాసుకోరు. ఇంటి గొడవను వీధికెక్కించవద్దని ఆమెకే హితవు చెబుతారు. భర్త వచ్చాక అతడితో మగవారి స్నేహభాషలో మాట్లాడి పంపేస్తారు. ఇది మళ్లీ మళ్లీ జరుగుతుంది. గృహహింస విషయంలో పోలీసులకు బాధ్యతలు నిర్ణయించిన చట్టం 1998లో వచ్చింది. కాగితం మారినంత త్వరగా ఠాణా మారలేదు. విడిపోయిన తరువాత 2009లో ఆ భర్త ఆమెపై కాల్పులు జరిపాడు. ఒక గుండు తల వెనుక నుంచి దూసుకువెళ్లి మెదడును తప్పించుకుని ముక్కు దగ్గర బయటపడింది. హత్యాయత్నాన్ని అతడు అంగీకరించాడు, కాని జైలుకు వెళ్లలేదు. పాత హింసకు సంబంధించిన ఫిర్యాదులు నమోదై ఉండకపోవడం వల్ల న్యాయస్థానం దృష్టిలో అతడికి నేరచరిత్ర లేదు.

శీర్షిక ఇక్కడ తన పూర్తి అర్థాన్ని అందుకుంటుంది. 1984లో ఇద్దరు మనుషుల ఇష్టపూర్వక కలయికను కనిపెట్టడానికి రాజ్యం పడకగది దాకా వచ్చింది. తరువాత అదే స్త్రీ రక్తం ఓడుతూ ఠాణా మెట్లెక్కితే, అది ఇంటి విషయమంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పాలకుల రంగు మారింది. ఏది నేరం, ఏది సంసారం అని తేల్చే అధికారం మాత్రం ఆమె చేతికి రాలేదు. ప్యాట్రీషియా నేర్చుకున్న విద్యలన్నీ తెల్లవారి చట్టాన్ని ఏమార్చడానికి పనికివచ్చాయి. సొంత మనుషుల చట్టరాహిత్యం ముందు ఆ విద్య కొరగాలేదు. ఏమార్చడానికి అక్కడ చట్టమే లేదు.

నోవా కథనానికి ఒక పరిమితి ఉందని చెప్పక తప్పదు. ఆ ఇంట్లో అన్నేళ్లు ఆమె ఎందుకు ఉండిపోయింది అన్న ప్రశ్నను కొడుకు కోపంతో అడుగుతాడు. విడిచి వెళితే చంపుతాడని తల్లి ఇచ్చిన సమాధానాన్ని అప్పట్లో నమ్మలేదనీ ఒప్పుకుంటాడు. ఈ నిజాయితీ మెచ్చదగినది. అయినా ఆమె విశ్వాసం, ఆమె దాంపత్యం, ఆమె భయం మనకు కొడుకు గొంతులోనే వినిపిస్తాయి. కోసా రచయిత్రి సిందివే మగోనా 1990లో ప్రచురించిన ‘టు మై చిల్డ్రన్స్ చిల్డ్రన్’లో నల్లజాతి తల్లి తన కథను తానే చెప్పుకుంది. ఆ గ్రంథం పక్కన పెట్టి చదివితే నోవా రచనలోని ఖాళీ తెలుస్తుంది. ప్యాట్రీషియా ప్రార్థనలను అతడు ప్రేమతో వర్ణించాడు, హాస్యంతో పరిహసించాడు. ఆ ప్రార్థన ఆమెకు ఏమిటో మాత్రం చివరి అధ్యాయం వరకు తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు.

ఆ చివరి అధ్యాయంలో కథకుడి హాస్యం మూగబోతుంది. కాల్పుల వార్త విన్నది మొదలు ఆసుపత్రి దాకా అతడు ఏడుస్తూనే ఉంటాడు. వైద్యుడే తాను వాడని మాటగా ‘అద్భుతం’ అనవలసి వస్తుంది. స్పృహ వచ్చిన తల్లి కొడుకును ఓదారుస్తూ, జరిగినదానిలో మంచినే చూడమంటుంది. ముక్కు ఛిద్రమైన తన ముఖాన్ని ఉద్దేశించి, ఇక ఇంట్లో అందగాడివి నువ్వేనని చమత్కరిస్తుంది. పుస్తకమంతా నవ్వించినవాడు కొడుకు. చివరి చమత్కారం తల్లిది. దానికి అతడు ఏడుస్తూనే నవ్వుతాడు.